అన్నిటికీ సర్దుకుపోయే మనిషి ఒక్క విషయంలో ఎందుకు కదలదు? వ్యక్తిత్వ టైపు వల్లా, విలువల వల్లా?

మధ్యమ్మాయి

మేము ముగ్గురం. అన్నయ్య, నేను, చెల్లి. నాన్న పోయాక తెనాలిలో ఆయన పేరున ఉన్న ఇళ్ల స్థలం అమ్మేద్దామనుకున్నాం. పార్టీ దొరికింది, ధర కుదిరింది. చిక్కల్లా ఒకటే. కొనేవాళ్లు ప్రభుత్వ విలువకే రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగతాది క్యాష్‌గా ఇస్తామంటున్నారు. అన్నయ్య "ఊళ్లో ఎవరినడిగినా ఇంతే" అని ఒప్పేసుకున్నాడు. చెల్లి సంతకం పెట్టనంది.

దాని సంగతి కొంచెం చెప్పాలి. ఏ గొడవకీ రాని మనిషి. పెళ్లిలో పట్టుచీర కూడా అమ్మకి నచ్చిందే కట్టుకుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే లేచి పక్క గదిలోకి పోతుంది. అలాంటిది, మొన్న భోజనాల దగ్గర అన్నయ్య క్యాలెండర్ కాగితం చింపి, వెనకవైపు వైట్ ఎంత, బ్లాక్ ఎంత, ఎవరికెంత అని మూడు గళ్లు గీసి రాస్తే, అది తన గడిని పెన్నుతో కొట్టేసి కాగితాన్ని అన్నయ్య వైపు జరిపింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. "నాన్న స్థలానికి దొంగ రేటు రాయించి నేను సంతకం పెట్టలేను" అంది, అంతే. తర్వాత అన్నయ్య గంటసేపు అరిచాడు. అది పెరుగన్నం తింటూనే ఉంది.

మా ఆఫీసు ట్రైనింగులో పదహారు రకాల వ్యక్తిత్వ పరీక్ష ఒకటి పెట్టారు. మనిషికి నాలుగు ఇంగ్లీషు అక్షరాల టైపు ఒకటి ఇస్తారు. అందులో టీ అంటే థింకింగ్, తర్కంతో తేల్చుకునేవాళ్లు. ఎఫ్ అంటే ఫీలింగ్, మనసుతో తేల్చుకునేవాళ్లు. ఇంటికొచ్చి సరదాకి వీళ్లిద్దరిచేతా చేయించాను. అన్నయ్య ఈఎస్‌టీజే, చెల్లి ఐఎన్‌ఎఫ్‌పీ, నేను ఈఎన్‌ఎఫ్‌జే. ఆ వివరాలు చదివితే ఎవరో అచ్చం మా ఇంట్లో కూర్చుని రాసినట్టే ఉంది.

ఈ పట్టుదల టైపు వల్ల వచ్చిందేనా? అలాంటివాళ్లతో ఎలా మాట్లాడితే దిగొస్తారు? ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి మోసి నాకు తల పగిలిపోతోంది.

లెక్కలమాస్టారు

"అచ్చం మా ఇంట్లో కూర్చుని రాసినట్టే" అన్నావు చూడు తల్లీ, ముందు అక్కడ ఆగుదాం. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజీ అధ్యాపకుడు తన క్లాసులో 39 మందికి పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకి విడిగా ఇచ్చాడు. మీకు ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులు వేయండన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. పైకి నిబ్బరంగా కనిపిస్తారు గానీ లోపల బెంగ ఎక్కువ, ఇలాంటివి. ఎవరికి సరిపోదు?

ఈ పదహారు గళ్ల పద్ధతికి మూలం స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో రాసిన సిద్ధాంతం. దాన్ని ప్రశ్నపత్రంగా మార్చింది కేథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మయర్స్. ఇద్దరికీ సైకాలజీలో చదువు లేదు. మనుషుల్ని పొడుగు, పొట్టి అని రెండే వరసల్లో నిలబెడితే గీతకి దగ్గరగా ఉన్నవాళ్లే ఎక్కువమంది ఉంటారు కదా. థింకింగా, ఫీలింగా అని గీత గీసినా అంతే. గీత దగ్గర ఉన్నవాడు ఇవాళ ఇటు పడితే, కొన్ని వారాలాగి మళ్లీ పరీక్ష రాస్తే అటు పడతాడు. ఒక అక్షరం మారితే చాలు, టైపే మారిపోతుంది.

మీ చెల్లెలు కారణం నోరు తెరిచి చెప్పింది. దానికి మళ్లీ నాలుగక్షరాల కారణం వెతకడం ఎందుకు?

నిదానం

మాస్టారూ, పరీక్షలో లోపాలున్నాయని నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే నాకు ఎప్పుడు రాసినా ఐఎన్‌ఎఫ్‌పీ అనే వస్తుంది, ఆ పేరు పక్కన పెట్టినా ఆ స్వభావం మాత్రం నాదే. కాబట్టి లోపలి వైపు నుంచి చెప్తాను.

మాలాంటివాళ్లు చాలావాటికి సరే అంటారు. భయపడి కాదు. నిజంగానే పట్టింపు ఉండదు. ఏ హోటల్, ఏ సినిమా, ఏసీ ఎంతలో పెట్టాలి, వీటికోసం వాదించడం నాకు శుద్ధ దండగ అనిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం "ఈ పిల్ల ఏం చెప్పినా వింటుంది" అని లెక్క వేసేసుకుంటారు. తర్వాత ఒకరోజు వినకపోతే "ఎంత మారిపోయావ్" అంటారు. మారలేదండీ. అంతకుముందు అడిగినవేవీ నాకు పట్టేవి కావు, అంతే.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. ఒక ప్రాజెక్టులో క్లయింటుకి పంపే టైమ్‌షీట్‌లో చేయని గంటలు కలపమన్నారు. టీమ్ అంతా కలిపారు. నేను చేసినవే వేశాను. మేనేజర్ గదిలోకి పిలిచి "అందరికీ లేని బాధ నీకేంటమ్మా" అన్నాడు. ఎవరిమీదా ఫిర్యాదు చేయలేదు, నీతులు చెప్పలేదు. "నా పేరు పక్కన లేని అంకె వేయలేను సార్, ఇబ్బందైతే నన్ను ఈ ప్రాజెక్టులోంచి తీసేయండి" అన్నాను. తీసేశారు. కొన్నాళ్లు ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద కూర్చున్నాను.

మీ చెల్లి మాట మళ్లీ చదవండి. అన్నయ్యని దొంగ అనలేదు. "నేను పెట్టలేను" అంది. టైపుల గురించి మాట్లాడేవాళ్లు దీన్ని లోపలి ఫీలింగ్ అంటారు. మంచిచెడ్డల కొలత తనలోనే ఉంటుంది, పక్కవాళ్ల మీద రుద్దాలనిపించదు. మీ ఈఎన్‌ఎఫ్‌జేలది బయటి ఫీలింగ్. గదిలో అందరూ సరిగ్గా ఉన్నారా లేదా అన్నదే ముందు కనిపిస్తుంది. అందుకే మీ టెన్షన్ అంతా గొడవ ఎప్పుడు ఆగుతుందా అని. ఆవిడకి అది రెండో సంగతి.

"ఎలా మాట్లాడితే దిగొస్తారు" అన్న మాట పొరపాటున కూడా ఆవిడ చెవిన పడనివ్వకండి.

వరంగల్అన్న

అందరు చెల్లె దిక్కే మాట్లాడుతున్నరు. అన్న దిక్కు ఒక్కడన్న ఉండాలె కద. నేనుంట.

నాది ఈఎస్‌టీజేనే. ఇంట్ల పెద్దోణ్ణి. నాన్న దవాఖాన బిల్లులు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీస్ చుట్టూ తిరుగుడు, పాత దస్తావేజులు వెతుకుడు, పార్టీని తెచ్చుడు, ఇవన్ని ఎవరు చేసిన్రు? ఈమె రాయలేదు గని నాకు తెలుసు, అన్ననే చేసి ఉంటడు. ఆయన అరిచింది పైసల కోసమని నేననుకోను. ఇంత తిరిగి ఒక కొలిక్కి తెస్తే, ఆఖరికి ఒకరు వచ్చి పెన్నుతోని గీత కొట్టిన్రు. మాసొంటోళ్లకు అది కడుపుల మంట.

ఇంకోటి. ఆన్‌లైన్ల ఈ టైపుల గురించి రాసేటోళ్లు ఫీలింగ్ అంటే విలువలున్నోళ్లు, థింకింగ్ అంటే మనసు లేనోళ్లు అన్నట్టు రాస్తరు. ఇచ్చిన మాట మీద నిలబడుడు, ఇంటోళ్లకు నష్టం రానియ్యకపోవుడు, చేస్తనన్న పని చేసి చూపెట్టుడు, ఇవి విలువలు కావా? మేం ఎదురుంగ అంటం, గొంతు పెంచుతం, పొద్దుగూకేసరికి మర్చిపోతం. మౌనమే మాకు అర్థం కాదు. ఎదుటి మనిషి పెరుగన్నం తినుకుంట కూసుంటే, ఈమె నా మాటనే లెక్క చేస్తలేదు అనిపిస్తది.

మధ్యమ్మాయి

అన్నా, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగింది అన్నయ్యే. నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు రాత్రుళ్లు బయట బెంచీ మీద పడుకుంది కూడా ఆయనే. ఇది నేను మొదటే రాయాల్సింది. బయానా మాత్రం ఇంకా తీసుకోలేదు.

ఉష_హెచ్ఆర్

నేను హెచ్ఆర్‌లో ఉన్నాను, ఈ ట్రైనింగులు పెట్టించేది మాలాంటివాళ్లమే. ఒక మాట చెప్పనా? ఈ పదహారు రకాల పరీక్ష అమ్మే సంస్థే దీన్ని ఉద్యోగాల ఎంపికకి వాడొద్దని చెప్తుంది. అయినా ఇంటర్వ్యూల్లో అడిగేవాళ్లు ఉన్నారు. అదో జబ్బు.

గొడవల విషయానికైతే టైపుల కంటే థామస్, కిల్మన్ పద్ధతి పనికొస్తుంది. 1974లో వచ్చింది. రెండే ప్రశ్నలు. నా పని నెరవేరాలని నేను ఎంత గట్టిగా ఉన్నాను? ఎదుటివాళ్ల పని నెరవేరాలని ఎంత చూస్తున్నాను? ఈ రెండిటి ఎక్కువతక్కువల్ని బట్టి ఐదు తీరులు. రెండూ తక్కువైతే తప్పుకోవడం. నాది తక్కువ, వాళ్లది ఎక్కువ అయితే సర్దుకుపోవడం. తిరగేస్తే పోటీ పడడం. నడిమధ్యలో రాజీ. రెండూ ఎక్కువైతే కూర్చుని ఇద్దరికీ పనికొచ్చేది వెతకడం.

దీంట్లో నాకు నచ్చేదేమిటంటే ఇది మనిషికి పేరు పెట్టదు. ఒకే మనిషి చీర దగ్గర సర్దుకుపోతుంది, అరుపుల దగ్గర తప్పుకుంటుంది, సంతకం దగ్గర పోటీకి నిలబడుతుంది. గొంతు పెంచకపోయినా అది పోటీయే. మీ అన్నయ్యది పైకి వినిపించే పోటీ, మీ చెల్లిది వినిపించనిది. మీరేమో రాజీ మనిషి. ప్రతిదాన్నీ మధ్యకి కోసి చెరో సగం ఇద్దామని చూస్తారు. ధర దగ్గర అది కుదురుతుంది. సంతకం దగ్గర కుదరదు, సగం సంతకం అనేది ఉండదు కదా.

నా ఉద్యోగంలో నన్ను ఎక్కువ భయపెట్టేది అరిచేవాళ్లు కాదు. ఏడాదంతా "పర్లేదండీ" అని నవ్వుతూ తిరిగి, ఒక సోమవారం పొద్దున రిజైన్ మెయిల్ పెట్టేవాళ్లు. వాళ్లకి ఎక్కడ తగిలిందో అప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు.

లెక్కలమాస్టారు

ఉష గారు చెప్పింది బాగుంది. వరంగల్ బాబు మాటకి యూంగ్ దగ్గరే ఆధారం ఉంది. ఆయన థింకింగ్, ఫీలింగ్ రెండిటినీ బుద్ధితో తూకం వేసే పనులుగానే లెక్కపెట్టాడు. ఒకటి ఇది నిజమా కాదా అని తూస్తుంది, రెండోది ఇది విలువైనదా కాదా అని తూస్తుంది. ఫీలింగ్ అంటే కన్నీళ్లు అని తర్వాతివాళ్లు చేసుకున్న అర్థం.

పరిశోధకులు ఎక్కువగా వాడేది ఐదు గుణాల పద్ధతి. అందులో గళ్లు ఉండవు, కొలత ఉంటుంది. వాటిలో ఒకటి ఎదుటివాళ్లతో కలిసిపోయే గుణం. దీని లోపల మళ్లీ ఆరు పాయలున్నాయి. ఇతరుల్ని నమ్మడం, నిక్కచ్చిగా ఉండడం, సాయపడడం, గొడవ పడకుండా మాట వినడం, అణకువ, జాలి. మాట వినడం, నిక్కచ్చిగా ఉండడం రెండూ ఒకే గుణం కిందికి వచ్చాయి, గమనించారా. మామూలు రోజుల్లో ఈ రెండూ కలిసే నడుస్తాయి, ఆ పిల్ల మంచిది అంటారు ఊళ్లో. స్థలం బేరంలో ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం తిరిగాయి. మాట వింటే నిక్కచ్చితనం పోతుంది, నిక్కచ్చిగా ఉంటే మాట పోతుంది. అప్పుడు ఏది ముందు అనేది గుణాల కొలతలో దొరకదు. అది విలువల సంగతి.

విలువల్ని విడిగా కొలిచిన సైకాలజిస్టు షాలోమ్ ష్వార్ట్జ్. 1992లో పది రకాల విలువల్ని ఒక చక్రంలా అమర్చి చూపించాడు. పక్కపక్కన ఉన్నవి కలిసి నడుస్తాయి, ఎదురెదురుగా ఉన్నవి కొట్టుకుంటాయి. భద్రత, కట్టుబాటు, సంప్రదాయం ఒక వైపు. సొంతంగా ఆలోచించి నడుచుకోవడం దానికి ఎదురు వైపు. మీ అన్నయ్య కాపాడుతున్నది కుటుంబ భద్రత. మీ చెల్లెలు కాపాడుతున్నది తన మనస్సాక్షి. ఇద్దరిదీ విలువే. గుణాలకీ విలువలకీ మధ్య సంబంధం ఉంది గానీ అది అంత గట్టిది కాదు. కలిసిపోయే గుణం ఉన్నవాళ్లు అయినవాళ్ల మంచికి ఎక్కువ విలువ ఇస్తారు. కొత్తదనాన్ని ఇష్టపడేవాళ్లు సొంత ఆలోచనకి ఇస్తారు. ఇక ఊరికే కంగారుపడే గుణానికైతే విలువలతో పెద్దగా సంబంధమే కనిపించలేదు.

కాబట్టి ఫలానా టైపు కనుక ఫలానా విలువ అనేది నిలవదు. ఎలా పోట్లాడతారో టైపు కొంత చెప్తే చెప్పొచ్చు. దేనికోసం పోట్లాడతారో చెప్పదు.

డల్లాస్_బాబాయి

నేను ఇన్నాళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇది మా ఇంటి కథలా ఉందని రాస్తున్నా.

ఊళ్లో మా తమ్ముడి పిల్లల ఫీజులు నేను కడతాను. మా ఆవిడకి అది నచ్చదు, ముందు మన పిల్లల కాలేజీ ఫండ్ నిండాలి అంటుంది. ఆవిడ పిసినారి కాదు, నేను దానకర్ణుణ్ణీ కాదు. ఆవిడ వాళ్ల నాన్న అప్పుల్లో మునిగితే చూసిన మనిషి. నేను మా పెదనాన్న ఫీజు కడితే ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. ఈ గొడవ మాకు పెళ్లయిన కొత్తలో మొదలైంది, ఇప్పటికీ ఉంది.

ఇక్కడ అమెరికాలోనే, సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ అని దంపతుల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి వాళ్ల గొడవల్ని ఏళ్లతరబడి గమనించిన సైకాలజిస్టు ఉన్నాడు. ఆయన లెక్కలో దంపతుల గొడవల్లో 69 శాతం ఎప్పటికీ తెగనివే. అది చదివాక నాకు చాలా హాయి అనిపించింది. ఎందుకంటే తెగని గొడవతోనే బతికేస్తున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారని అర్థం. ఆయన అసలు భయపడమన్నది నాలుగిటికి. మనిషి స్వభావాన్నే తిట్టడం, చులకన చేయడం, తప్పు నాది కాదని ఎదురు దిగడం, గోడలా బిగుసుకుపోవడం. వీటిలో చులకన అన్నిటికంటే చెడ్డది.

అమ్మాయీ, నీ కథలో నాకు కనిపించిందొకటి. కోపంలో గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటుంటే ఎదుటి మాట బుర్రలోకి ఎక్కదంటాడాయన. కనీసం 20 నిమిషాలు ఆగి, వేరే పని చేసుకుని రమ్మంటాడు. గంటసేపు అరిచిన మీ అన్నయ్యకి ఆ టైములో ఏం చెప్పినా ఎక్కదు. మీ చెల్లి కూడా ప్రశాంతంగా ఉందనుకోవద్దు. పైకి బిగుసుకుపోయి కూర్చునేవాళ్లకి లోపల గుండె దడదడలాడుతూ ఉంటుందని ఆ ల్యాబ్‌లోనే తేలింది. ఆ పెరుగన్నం ఆవిడకి ఎలా దిగిందో నాకు అనుమానమే. ఇవన్నీ దంపతుల మీద చేసినవి, అన్నాచెల్లెళ్లకి ఎంతవరకు అంటే మీరే చూసుకోవాలి.

పాతపుస్తకాలు

స్వభావం వేరు, విలువ వేరు అనడానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. వాడుక భాష గొడవ.

ఒకే విలువ కోసం నిలబడ్డ ఇద్దరి తీరు చూడండి. గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీలో సభ్యుడు. ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గారు. ఆయన వీధికెక్కలేదు. 1914లో ఇంగ్లీషులో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు, ఒక్కొక్క వాదననీ పట్టుకుని. మరుసటి ఏడే పోయారు. గిడుగు రామమూర్తి గారిది ఇంకో తీరు. ఊరూరూ తిరిగి, సభల్లో లేచి, పాత కావ్యాల్లోంచే వాడుక మాటలు చూపించి ఎదుటివాళ్ల నోరు మూయించే రకం. 1919లో ఈ పని కోసమే పత్రిక పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే, అన్నాళ్లూ ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఒకరు కాగితం మీద, ఒకరు వేదిక మీద. విలువ ఒకటే.

అవతలి వైపు జయంతి రామయ్య పంతులు గారు. ఆయన్ని మనం విలన్‌గా చదువుకుంటాం. ఆయన భయం ఆయనకుంది. వాడుక పేరుతో తలా ఒక తెలుగు రాస్తే వెయ్యేళ్ల సాహిత్యంతో తెగిపోతామని. ఆ పట్టుదలతోనే సూర్యరాయాంధ్ర నిఘంటువు పని నెత్తికెత్తుకున్నారు. ఇవాళ వాడుక భాషలో రాసేవాళ్లు కూడా అర్థం కోసం అందులోనే వెతుకుతారు.

కందుకూరి వీరేశలింగం గారైతే ఇంకా విచిత్రం. జీవితమంతా ఎవరికీ వెరవకుండా వితంతు వివాహాలు చేయించిన మొండి మనిషి. భాష దగ్గర మొదట గ్రాంథికం వైపే ఉన్నారు. 1919లో, పోయేముందు, వాడుక భాష సమాజానికి అధ్యక్షుడిగా కూర్చున్నారు. మొండివాళ్లు మనసు మార్చుకోరని ఎవరన్నారు?

నిదానం

అయితే గురజాడ గారు ఐఎన్‌ఎఫ్‌జే అయి ఉంటారా?

లెక్కలమాస్టారు

బతికున్నవాళ్లకే సరిగ్గా కుదరని లేబుల్ పోయినవాళ్లకి అంటించకండి మహాప్రభో.

ఆడిట్_రావు

ఇంతమంది ఇంత రాశారు గానీ అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన క్యాష్ తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా నిషేధం. తీసుకున్నవాళ్ల మీద తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. ఇచ్చినవాళ్ల మీద కాదు, తీసుకున్నవాళ్ల మీద. ముగ్గురు అమ్మితే ముగ్గురూ. కాబట్టి మీ చెల్లెలిది ఐఎన్‌ఎఫ్‌పీ పట్టుదల అని నవ్వుకోకండి. ముగ్గుర్లో ఆవిడే తెలివిగా ఉంది.

నిదానం

రావు గారూ, సాయపడ్డారు గానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. పెనాల్టీ భయంతో వద్దంటే అది జాగ్రత్త. పెనాల్టీ లేకపోయినా వద్దంటే అది విలువ. ఆవిడది రెండోది అనిపిస్తోంది. మీరిచ్చిన కారణం పట్టుకుని అన్నయ్య "పట్టుబడకుండా నేను చూసుకుంటాలే" అంటే ఆవిడకి సమాధానం దొరికినట్టు కాదు.

వరంగల్అన్న

అన్నకు మాత్రం రావు గారి మాటనే ఎక్కుతది, చెప్తున్న. "దొంగ రేటు" అంటే ఆయనను దొంగ అన్నట్టు వినపడ్డది. "మన ముగ్గురి మీద ఇంత పెనాల్టీ పడొచ్చు" అంటే ఆయన కూసొని లెక్క వేస్తడు. చెల్లె మనసు మార్చేటందుకు కాదు, అన్నకు అర్థమయ్యే భాషల చెప్పేటందుకు.

ఇంకొకటి అడుగుత, ఎవరు ఏమనుకున్నా సరే. మొత్తం వైట్ అంటే ధర తగ్గుతది. పార్టీ స్టాంపు డ్యూటీ ఎక్కువ కట్టాలె, మనం లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ కట్టాలె. ఆ నష్టం ముగ్గురిది. విలువ ఒకరిది, ఖర్చు ముగ్గురిది. చెల్లె దీని గురించి ఏమన్న మాట్లాడిందా?

నిదానం

మంచి ప్రశ్న. నేనైతే తగ్గినంతా నా వాటాలోంచి తీసుకోమంటాను. ఆవిడ ఏమంటుందో ఆవిణ్ణే అడగాలి. కానీ ఇన్ని రోజుల్లో ఎవరైనా ఆవిణ్ణి "నీకు ఎలా అయితే సరే" అని అడిగారా? అందరూ "ఎందుకు పెట్టవు" అనే అడిగినట్టుంది.

ఉష_హెచ్ఆర్

నిదానం గారు అన్నదానికి మేనేజ్‌మెంట్ మీద రాసిన అమెరికన్ రచయిత్రి మేరీ పార్కర్ ఫాలెట్ చెప్పిన పాత సంగతి ఒకటుంది, 1920లలోది. హార్వర్డ్ లైబ్రరీలో చిన్న గది. ఒకరికి కిటికీ తెరవాలి, ఆవిడకి మూయాలి. సగం తెరిస్తే ఇద్దరికీ సుఖం లేదు. చివరికి పక్క గదిలో కిటికీ తెరిచారు. ఆయనకి కావల్సింది గాలి, ఆవిడకి కావల్సింది చలిగాలి నేరుగా తగలకపోవడం. అడిగితే తప్ప అది తెలియదు.

వరంగల్అన్న

మేడం, కిటికీ వేరు, క్యాష్ వేరు. కిటికీ దగ్గర ఎవరి విలువా లేదు, సౌకర్యమే ఉన్నది. ఇక్కడ పక్క గది ఏది?

ఆడిట్_రావు

ఉంది. బ్యాంకు లోను మీద కొనే పార్టీని వెతకాలి. బ్యాంకు దస్తావేజులో రాసిన మొత్తాన్ని చూసి లోను ఇస్తుంది కాబట్టి అలాంటివాళ్లకి వైట్ ఎక్కువ ఉంటేనే లాభం. ఉద్యోగస్తులు ఎక్కువగా ఇలాగే కొంటారు. కాస్త ఆలస్యమవుతుంది, ధర కొంచెం తగ్గొచ్చు. పన్ను తగ్గించుకోవడానికి చట్టంలోనే దారులున్నాయి, అమ్మిన 6 నెలల్లోపు క్యాపిటల్ గెయిన్ బాండ్లలో పెట్టడం లాంటివి. మంచి ఆడిటర్‌ని కలవండి.

కొందరు చెల్లెలి చేత హక్కు విడుదల దస్తావేజు రాయించుకుని, అమ్మకం అన్నయ్య ఒక్కడే చేసి, తర్వాత ఆవిడకి చేతికి డబ్బు ఇవ్వమంటారు. కాగితం మీద చెల్లుతుంది. ఆవిడ ఒప్పుకుంటుందని మాత్రం నేననుకోను.

నిదానం

ఒప్పుకోదు. అది కళ్లు మూసుకుని అదే సంతకం పెట్టడం.

వరంగల్అన్న

సరే. ఇగ మధ్యమ్మాయిని అడుగుత. అన్న ఏమన్నడో రాసినవు, చెల్లె ఏమన్నదో రాసినవు. ఎవరు ఏ టైపో రాసినవు. నీ సంగతేంది చెల్లె? ఆ కాగితం మీద మూడు గళ్లున్నయి కద. నీ గడి సంగతి ఎవరన్న అడిగిన్రా, నువ్వన్న చెప్పినవా?

మధ్యమ్మాయి

ఎవరూ అడగలేదన్నా. నేనూ చెప్పలేదు. నా పని వాళ్లిద్దరినీ కలపడమే అనుకుంటూ ఉన్నాను.

ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే, నాకు క్యాష్ అంటే చెల్లికున్నంత పట్టింపు లేదు. ఇల్లు కొన్నప్పుడు మేమూ కొంత అలాగే ఇచ్చాం. మాస్టారు తిట్టినా సరే. కానీ చెల్లిని పక్కన పెట్టి, దానిచేత ఏదో కాగితం రాయించుకుని, మేమిద్దరం సంతకాలు పెట్టే పద్ధతి అయితే నేను పెట్టను. ఈ విషయం నాకు ఇప్పుడు రాస్తుంటేనే తెలిసింది. డబ్బు తగ్గితే తగ్గనీ. రాత్రి దానికి ఫోన్ చేసి "నీకు ఎలా అయితే సరే" అని అడిగాను. వెంటనే చెప్పింది, ముందే రాసిపెట్టుకున్నట్టు. లోను పార్టీ అయితే సరే, ధర తగ్గితే తన వాటాలో కోసుకోమంది, అన్నయ్య తిరిగిన ఖర్చులన్నీ ముందు తీసి పక్కన పెట్టమంది. ఇవేవీ ఆ రోజు బల్ల దగ్గర చెప్పలేదేం అంటే, "ఎవరైనా ఆగితే కదా" అంది.

ఇక అన్నయ్యకి చెప్పాలి. నా మాటగా చెప్పాలి, దాని మాటగా కాదు. అదే భయంగా ఉంది.

డల్లాస్_బాబాయి

ఆయన మంచి నిద్ర లేచిన పూట చెప్పు. ఫోన్‌లో వద్దు. మీ వదిన ముందు అసలే వద్దు.

వరంగల్అన్న

సుట్టు తిప్పకు. మాసొంటోళ్లకు కథ ముందల చెప్తే చిరాకు లేస్తది. మొదటి మాటనే చెప్పు: "అన్నయ్యా, ఈ పార్టీకి నేను కూడా సంతకం పెడతలేను, లోను పార్టీని నేనే వెతుకుత." వెతికే పని నువ్వు నెత్తిమీద ఏసుకోవాలె, మళ్ల ఆయన మీదనే పడేయొద్దు. రావు గారు చెప్పిన పెనాల్టీ లెక్క ఒక కాగితం మీద అంకెలతోని రాసుకొని పో. దవాఖాన బెంచీ ముచ్చట సుత ఒక్కసారి అను, ఆయనకు ఎవరు అని ఉండరు. అరిస్తే అరవనియ్యి. పది నిమిషాలాగి చాయ్ పెట్టియ్యమంటడు, అప్పుడు కూసొని మాట్లాడు.

లెక్కలమాస్టారు

20 నిమిషాలు. పైన డల్లాస్ ఆయన చెప్పాడు.